విండో మేనేజర్ మార్పిడి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

లైనక్స్ వాడే కుర్రకారులో ఒక వర్గానికి మడి ఎక్కువ. వాళ్లు మౌస్ ముట్టరు. ముట్టక తప్పకపోతే ఎవరూ చూడకుండా ముట్టుకుని, వెంటనే కీబోర్డు మీద చేతులు పెట్టి శుద్ధి చేసుకుంటారు. తెర మీద విండోల్ని అమర్చే ప్రోగ్రాముని విండో మేనేజర్ అంటారు. అలాంటి ఒకదాని దగ్గర వీళ్లు నిలకడగా ఉండరు. అమావాస్యకి ఒకటి, పున్నమికి ఒకటి మారుస్తారు. మార్చి ఊరుకున్నా బాగుండును. మారిన తెరని ఫోటో తీసి నలుగురికీ పంపుతారు. ఆ ఫోటోలో ఎడమ పక్క నియోఫెచ్ అనే ప్రోగ్రాము ప్రాసెసర్ పేరూ ర్యామ్ లెక్కా అప్పజెబుతూ ఉంటుంది. దాని అభివృద్ధి 2024లోనే ఆగిపోయింది గానీ ఫోటోల్లో ఆగలేదు. కుడి పక్క ఆకుపచ్చ అక్షరాలు జారుతుంటాయి. వెనకాల ఫ్యూజీ కొండ. ఒక్క పనీ జరుగుతున్న జాడ ఉండదు. కింద, గ్నోమ్ డెస్క్‌టాప్ వాడే అన్నకి ఒక ప్రశ్న: "ఇంకా గ్నోమే వాడుతున్నావా అన్నా?" ఆ 'అన్నా'లో గౌరవం తక్కువ, పరామర్శ ఎక్కువ.

ఇంత వైభవానికీ ఆధారం ఒక్క వరస. దాన్ని టెర్మినల్లో కొట్టి ఎంటర్ నొక్కితే, సెషన్ ఆగకుండా, తెరిచిన ఫైళ్లు మూయకుండా, పాత విండో మేనేజర్ పోయి కొత్తది, ఇక్కడ ఓపెన్‌బాక్స్ అనేది, వస్తుంది. ఇంత మహత్తు ఉన్న వరసకి తెలుగులో వ్యాఖ్యానం లేకపోవడం చూసి, పరామర్శలు అందుకున్న అన్నల తరఫున ఒక వ్యాఖ్యాత నడుం కట్టాడు.

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథ సూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అలాంటి మాటేమీ ఇవ్వడం లేదు. ఇస్తే ఈ వ్యాసం అరపేజీలో అయిపోతుంది.

మూలం

ఓపెన్‌బాక్స్ --రీప్లేస్ &

పాఠాంతరాలు

మెటాసిటీ --రీప్లేస్ అని గ్నోమ్ 2 కాలపు వాళ్ల పాఠం. ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 --రీప్లేస్ అని ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ల పాఠం. మాటే డెస్క్‌టాప్ వాళ్లు మార్కో --రీప్లేస్ అనీ, కేడీఈ వాళ్లు కేవిన్_ఎక్స్11 --రీప్లేస్ అనీ చదువుతారు. కాంపిజ్ --రీప్లేస్ అనే పాఠానికి ఒకప్పుడు మహా ప్రచారం. 2006లో నొవెల్ బయటపెట్టిన ఆ ప్రోగ్రాము తెరని ఘనంలా తిప్పి చూపించేది, లాగితే విండోలు వణికేవి. ఆ వణుకు చూసి లైనక్స్‌లోకి వచ్చినవాళ్లు ఇప్పుడు నడివయసులో ఉన్నారు, పిల్లలకి ఆ సంగతి చెప్పరు.

డీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్‌లో ఈ ప్రయోగమే లేదు. అప్పటికే ఒక విండో మేనేజర్ నడుస్తుంటే, నడుస్తోందని ఒక ముక్క చెప్పి తప్పుకుంటుంది.

ప్రతిపదార్థం

సులభం కనుక విడిచిపెట్టడమైనది.

విశేషాంశాలు

చివరి అక్షరం & మీద పెద్దల్లో భేదాభిప్రాయం ఉంది. పూర్వపక్షి ఇలా అంటాడు: & పెట్టడం వల్ల విండో మేనేజర్‌కి టెర్మినల్ బంధం తెగిపోతుంది, ఆపైన టెర్మినల్ మూసేసినా దానికేమీ కాదు. ఇది చెల్లదు. & వల్ల దక్కేది ఒక్కటే. పని వెనక్కి వెళ్లి, టెర్మినల్లో మళ్లీ ప్రాంప్ట్ వస్తుంది. బంధం బంధంగానే ఉంటుంది. టెర్మినల్ మూస్తే, అందులో ఆజ్ఞలు అందుకునే బ్యాష్‌కి హ్యాంగప్ సిగ్నల్ అందుతుంది. బ్యాష్ పోతూ పోతూ తన కింద నడుస్తున్న పనులన్నిటికీ అదే సిగ్నల్ పంపుతుంది. ఓపెన్‌బాక్స్ దాన్ని శిరసావహించి కన్నుమూస్తుంది.

అప్పుడు తెర చూడాలి. ప్రతి విండోకీ టైటిల్ బారు ఊడిపోతుంది. మూసే గుర్తూ లేదు, కుదించే గుర్తూ లేదు. ఎక్కడి విండో అక్కడే, జరిపితే జరగదు. కొత్తగా ఏది తెరిచినా ఎడమ పై మూలకి పోయి అతుక్కుంటుంది. ఆల్ట్ ట్యాబ్ పలకదు. కీబోర్డు మీద కొట్టింది ఎటు పోతుందో తెలియదు, చాలాసార్లు ఎటూ పోదు. మౌస్ బాణం మాత్రం ఎప్పట్లాగే తిరుగుతుంది, ఎందుకంటే దాన్ని గీసేది తెరని నడిపే ఎక్స్ సర్వరు. ముట్టనని ఒట్టుపెట్టుకున్న వస్తువొక్కటే కదులుతూ మిగలడం ఈ ఘట్టంలోని రసం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి నల్ల తెరకి వెళ్లి, లాగిన్ అయి, డిస్‌ప్లే=:0 అని ముందు చేర్చి మూలాన్ని మళ్లీ కొట్టడం ప్రాయశ్చిత్తం. అంతదాకా రాకుండా మొదటే సెట్‌సిడ్ ముందు పెట్టి కొట్టాలన్నది సిద్ధాంతం.

రెండు అడ్డగీతల మీద కూడా నామాల తగాదా అంత పాతదే ఒకటి ఉంది. ఒక గీత ఎక్స్ వాళ్ల సంప్రదాయం, రెండు గీతలు గ్నూ వాళ్లది. ఎఫ్‌వీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ రెండు సంప్రదాయాల్నీ ఆదరించి, -ఆర్ అన్నా --రీప్లేస్ అన్నా పలుకుతుంది. అంతకన్నా ఇక్కడ చెప్పాల్సింది లేదు.

అధికార నిర్ణయం

అసలు ప్రశ్న ఇది: సింహాసనం మీద ఒకడుండగా ఇంకొకడు ఎలా ఎక్కుతాడు?

ఎక్స్ ప్రోటోకాల్ శ్రుతి. 1984లో ఎంఐటీలో బాబ్ షీఫ్లర్, జిమ్ గెటిస్ దీన్ని మొదలుపెట్టారు. అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో డబ్ల్యూ అనే విండో పద్ధతి ఒకటి ఉండేది, దాని తర్వాతి అక్షరం ఎక్స్ కనుక ఆ పేరు. 1987 సెప్టెంబరులో పదకొండో వెర్షన్ వచ్చింది. పన్నెండోది ఇప్పటికీ రాలేదు. శ్రుతి చెప్పేది కొంచెం: గీత గీయడం, విండో తెరవడం, మీట నొక్కితే కబురు అందించడం. విండోకి టైటిల్ బారు ఉండాలా, ఏది పైన ఏది కింద ఉండాలి, ఎక్కడ నొక్కితే మూసుకోవాలి లాంటి ప్రశ్నల మీద శ్రుతి మౌనం. యంత్రాంగం మేమిస్తాం, పద్ధతి మీరు పెట్టుకోండి అని కర్తలు కావాలనే వదిలేశారు.

అందుకే ఎక్స్ సర్వరు దృష్టిలో విండో మేనేజర్ కూడా మామూలు క్లయింటే. అదీ కాలిక్యులేటరూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తాయి. ఒక్క తేడా ఉంది. తెరంతా పరుచుకుని అన్నిటికీ అడుగున ఉండేది రూట్ విండో. దాని మీద సబ్‌స్ట్రక్చర్ రీడైరెక్ట్ అనే అధికారం ఎవరు కోరి పొందారో వాళ్లే విండో మేనేజర్. ఆపైన ఏ ప్రోగ్రాము విండో తెరుస్తానన్నా, జరుపుతానన్నా సర్వరు తానుగా చేయదు. ఆ అర్జీని అధికారి దగ్గరికి పంపుతుంది. ఈ అధికారం ఒక సమయంలో ఒక్క క్లయింటుకే. రెండోవాడు అడిగితే బ్యాడ్ యాక్సెస్ అనే తప్పు చూపించి తిప్పికొడుతుంది.

రెండోవాడికి దారి చూపించింది స్మృతి. దాని పేరు ఐసీసీసీఎం. మొదటి పాఠం సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన డేవిడ్ రోజెంతాల్ రాశాడు. మేనేజర్ సెలెక్షన్ అనే ప్రకరణం రెండో వెర్షన్‌లో చేరింది, ఆ వెర్షన్ 1994లో ఎక్స్11 ఆరో విడుదలతో బయటికొచ్చింది. కాపీ కొట్టి పేస్ట్ చేసేటప్పుడు, కాపీ అయిన ముక్కకి ప్రస్తుతం యజమాని ఎవరన్నది సర్వరు గుర్తు పెట్టుకుంటుంది. ఆ యాజమాన్యాన్ని సెలెక్షన్ అంటారు. స్మృతికర్తలు కొత్తగా ఏమీ కనిపెట్టకుండా, డబ్ల్యూఎం_ఎస్0 అని ఇంకొక సెలెక్షన్‌కి పేరు పెట్టి, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లది గద్దె అన్నారు. అంటే క్లిప్‌బోర్డు చేతులు మారే యంత్రాంగంతోనే ఇక్కడ పట్టాభిషేకం జరుగుతుంది. మడి వాళ్లకి ఇది చెబితే నమ్మరు. వాళ్లు చూసింది నియోఫెచ్ వరకే.

కొత్తవాడు వచ్చి డబ్ల్యూఎం_ఎస్0ని తన పేర రాయించుకుంటాడు. హక్కు పోయిందని పాతవాడికి సర్వరు కబురు పెడుతుంది. పాతవాడు తన కింద ఉన్నవన్నీ వదిలేసి, ఆఖరున తాను హక్కు పట్టుకునేందుకు తెరిచిన విండోని ధ్వంసం చేసి వెళ్లాలి. కొత్తవాడు ఆ ధ్వంసం కళ్లారా చూసేదాకా గద్దె ముట్టకూడదు. చూశాక రూట్ విండో మీద అధికారం పుచ్చుకుని, మేనేజర్ అనే సందేశం అందరికీ వినిపించాలి. పాతవాడు మొండికేస్తే? ఓపెన్‌బాక్స్ 15 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ కదలకపోతే, కదలడం లేదని ఒక మాట చెప్పి తానే వెనక్కి పోతుంది. మెడపట్టి గెంటదు.

దాయభాగ విచారం

తండ్రి ఆస్తి కొడుక్కి ఎప్పుడు వస్తుంది? ఈ ప్రశ్న మీద దేశం రెండుగా చీలింది. కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. దాని మతంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. బెంగాల్లో జీమూతవాహనుడి దాయభాగం ప్రకారం తండ్రి పోయాకే హక్కు. తెలుగు దేశం మితాక్షర వైపు నిలిచింది. పదమూడో శతాబ్దంలో తిక్కన కాలపు కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు కూడా. స్మృతికి వ్యాఖ్య, ఆ వ్యాఖ్యకి తెలుగు, ఇప్పుడు ఆ తెలుగు మీద ఆధారపడి ఓపెన్‌బాక్స్‌కి టీక. పరంపర ఎక్కడా తెగలేదని పాఠకులు గమనించగలరు.

ఎక్స్ వారసత్వం ఈ రెండిట్లో దేనికీ లొంగదు. ఓపెన్‌బాక్స్‌కి పుట్టుకతో ఏ హక్కూ లేదు. పాతవాడు పోయేదాకా ఆగాల్సిన అవసరమూ లేదు. పాతవాడు నిక్షేపంగా బతికుండగానే వచ్చి, మర్యాదగా లేవమంటుంది. పైగా విభాగం కుదరదు. సగం తెర నీకు, సగం నాకు అనే పంపకం శ్రుతిలోనే లేదు. కనుక ఇది మితాక్షర కుటుంబం కాదు, జమీందారీ. విభాగానికి లొంగని ఎస్టేటు, ఒక్కడే హక్కుదారు, మిగిలినవాళ్లంతా ఆయన దయ.

ఈ న్యాయానికి ఉదాహరణలు వెతకాలంటే ఎంఐటీ ఉన్న మసాచుసెట్స్ దాకా పోనక్కర్లేదు, పిఠాపురం చాలు. పిఠాపురం జమీందారీ తగాదాలు రెండుసార్లు లండన్లో ప్రివీ కౌన్సిల్ మెట్లెక్కాయి. 1899 తీర్పులో తేలింది, విభాగం కాని ఎస్టేటుని హక్కుదారు తన ఇష్టప్రకారం ఇచ్చేయవచ్చని. దాని తర్వాత మద్రాసు ప్రభుత్వం 1904లో ప్రత్యేకంగా చట్టమే చేసి, అలా ఇచ్చేసే స్వేచ్ఛకి కళ్లెం వేయాల్సి వచ్చింది. 1918 తీర్పు ఇంకా కటువు. ఆనవాయితీ రుజువు చేసుకుంటే తప్ప, దూరపు తరం వాళ్లకి ఎస్టేటు నుంచి భరణం అడిగే హక్కు లేదంది. రాజా వారి కుటుంబంలో పుట్టినంత మాత్రాన గింజలు రాలవని అర్థం.

ఈ భరణం తీర్పు డెస్క్‌టాప్‌కి అక్షరాలా వర్తిస్తుంది. ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 తనలోనే కాంపోజిటర్‌ని పోషిస్తుంది. విండోల కింద నీడలు, టెర్మినల్ వెనక పారదర్శకత దాని చలవే. గద్దె ఓపెన్‌బాక్స్ చేతికి రాగానే నీడలు మాయం. కాంపోజిటర్ హక్కు వేరే సెలెక్షన్ కింద ఉంటుంది. దాని మీద ఓపెన్‌బాక్స్‌కి ఆసక్తి లేదు. పీకామ్ లాంటి ప్రోగ్రాముని విడిగా పిలిచి ఆ ఖాళీ నింపాలి. షార్ట్‌కట్ కీలదీ అదే గతి: పాతవాడి దగ్గర రాయించుకున్నవి కొత్తవాడి దగ్గర చెల్లవు, మళ్లీ రాయించుకోవాలి. ఇన్ని దాయాదుల ఏడుపుల మధ్య ఒక్క పానెల్ మాత్రం నిబ్బరంగా కూర్చుని ఉంటుంది. ఈడబ్ల్యూఎంహెచ్ అనే ఇంకొక స్మృతి ప్రకారం పానెల్ హక్కులు విండో మేనేజర్లందరూ గౌరవించాల్సినవి. పిఠాపురం దాయాదులకి అలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే లండన్ వకీళ్ల ఫీజులు మిగిలేవి.

అనాథ రక్షణ

జమీందారు లేచిపోతే రైతుల గతేమిటన్న శంక న్యాయమైనదే. విండో మేనేజర్లలో చాలా భాగం ప్రతి ప్రోగ్రాము విండోనీ తాము తయారు చేసిన ఒక చట్రం విండోలో కూర్చోబెడతాయి. టైటిల్ బారు ఆ చట్రానిదే. విండో మేనేజర్ పోతే చట్రం పోతుంది, చట్రం పోతే శ్రుతి నియమం ప్రకారం లోపలి విండో కూడా పోవాలి. అంటే మార్చిన ప్రతిసారీ తెరిచిన ఫైళ్లన్నీ గల్లంతవ్వాలి.

అలా జరగదు. శ్రుతిలోనే సేవ్ సెట్ అనే ఏర్పాటు ఉంది. పరాయి విండోని చట్రంలోకి తీసుకునే ముందు విండో మేనేజర్ దాని పేరు ఈ జాబితాలో రాయించాలి. తర్వాత తాను కూలినా, ఎవరైనా చంపినా, జాబితాలోని విండోలన్నిటినీ సర్వరే చట్రాల్లోంచి తీసి పైన బతికున్న పూర్వీకుడికి, అంటే మామూలుగా రూట్ విండోకి, అప్పగిస్తుంది. దాగి ఉన్నవాటిని బయటికి తెస్తుంది. ఎనభైల్లో కూర్చుని, తమ తర్వాత ఎవరో రాయబోయే ప్రోగ్రాము కూలిపోతుందని ముందే ఊహించి, అప్పుడు మూడో మనిషి ఫైలు పోకూడదని ఏర్పాటు చేసినవాళ్లని తలచుకుని వ్యాఖ్యాత ఒక నిమిషం కలం పక్కన పెట్టాడు.

సెషన్ ప్రాణం

ఇంతకీ మన మడి కుర్రాడు ఏమయ్యాడు? ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో, సీనియర్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. "అక్కా, ఒక్క సెకను, ఐస్‌డబ్ల్యూఎం ఎంత తేలిగ్గా ఉంటుందో చూపిస్తా" అన్నాడు. "రిపోర్టు తెరిచి ఉంది రా" అంది ఆమె. "దేనికీ ఏమీ కాదక్కా, అదే దీని గొప్ప" అని ఎంటర్ కొట్టాడు. పాత ఓపెన్‌బాక్స్ శాస్త్రోక్తంగా హక్కు వదులుకుని, విండో ధ్వంసం చేసుకుని, నిష్క్రమించింది. ఆ వెంటనే తెర నల్లబడి లాగిన్ అడిగింది. రిపోర్టులో ఆమె ఆఖరున రాసిన పేజీలు మళ్లీ కనపడలేదు.

వారసత్వంలో తప్పు జరగలేదు. తప్పు సెషన్‌లో ఉంది. ఆ లాప్‌టాప్‌లో నల్ల తెర నుంచి ఎక్స్‌ని లేపే స్టార్ట్ ఎక్స్ పద్ధతి పెట్టి, డాట్ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైలు చివర ఎగ్జెక్ ఓపెన్‌బాక్స్-సెషన్ అని రాసింది కూడా అతగాడే. ఆ ఫైల్లో చివరి వరస ఏ ప్రోగ్రాముదో దాని ప్రాణమే సెషన్ ప్రాణం. అది ముగిస్తే పని అయిపోయిందని భావించి ఎక్స్‌ఇనిట్ సర్వరునే ఆపేస్తుంది. సర్వరు పోయాక సేవ్ సెట్ ఎవరిని రక్షిస్తుంది? ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఈ ప్రమాదం లేదు. అక్కడ ప్రాణం ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్ దగ్గర ఉంటుంది, విండో మేనేజర్ అందులో ఒక సభ్యుడు మాత్రమే. పైగా ఆ సభ్యుణ్ణి ఊరికే చంపితే సెషన్ వెంటనే మళ్లీ లేపుతుంది. అందుకే అక్కడ చంపడం కాదు, రీప్లేస్ చేయడమే మార్గం. ఆ మార్పు కూడా సెషన్ సేవ్ చేసి లాగ్ అవుట్ అయితేనే నిలుస్తుంది. లేకపోతే మర్నాటి లాగిన్‌లో ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటుంది.

స్టార్ట్ ఎక్స్ వాళ్లకి కూడా శాస్త్రం ఒక ఉపాయం చెప్పింది. ఎఫ్‌వీడబ్ల్యూఎంలో రీస్టార్ట్ అనే ఆజ్ఞకి పక్కన ఇంకొక విండో మేనేజర్ పేరు ఇవ్వవచ్చు. ఓపెన్‌బాక్స్ మెనూలోని రీస్టార్ట్‌కీ ఆ శక్తి ఉంది. అప్పుడు పాత ప్రోగ్రాము ముగియదు. అదే ప్రాసెస్‌లో, అదే నంబరుతో, లోపలి ప్రోగ్రాము మారిపోతుంది. శంకరులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించినప్పుడు రాజ్యానికి రాజు పోలేదు, లోపలి జీవుడు మారాడంతే. పరకాయ ప్రవేశమంటే ఇదే. ఎక్స్‌ఇనిట్ కూడా ఆ రాజ్యం ప్రజల మాదిరే దేహాన్ని చూసి దణ్ణం పెడుతుంది, లోపల ఎవరున్నారని అడగదు. ఆ కుర్రాడికి ఈ విద్య తెలిసి ఉంటే రిపోర్టు మిగిలేది. అతనికి తెలిసింది రంగుల పేర్లు: నార్డ్, గ్రూవ్‌బాక్స్, డ్రాకులా.

శ్రీకార భంగం

ఇక్కడ వ్యాఖ్యాత గొంతు మారినట్టు అనిపిస్తే అనిపించనివ్వండి.

మడి వాళ్లలో శిఖరం డీడబ్ల్యూఎం. 2006లో వచ్చింది. దాని సోర్సు 2000 వరసలు దాటకూడదని నియమం. శతకకారుడికి పద్యాల లెక్క ఎలాగో వీళ్లకి వరసల లెక్క అలాగ. సెట్టింగులంటూ ఉండవు, రంగు మార్చాలన్నా సోర్సు దిద్ది మళ్లీ కంపైల్ చేయాలి. దీనివల్ల వాడేవాళ్లు కొద్దిమందే, ఉన్నతులే ఉంటారనీ, కొత్తవాళ్లు వచ్చి తెలివితక్కువ ప్రశ్నలు వేయరనీ దాని సొంత పరిచయ పత్రమే చెప్పుకుంటుంది. సగం హాస్యానికి రాసి ఉండవచ్చు. శిష్యులు మాత్రం వేదవాక్కుగా తీసుకున్నారు.

సరే, ఒక తెలివితక్కువ ప్రశ్న. శ్రీశైలం యాత్ర అనే పేరుతో ఒక ఫైలు తెరిచి, ఆ ఉన్నతుల బారులో దాని పేరు ఎలా కనిపిస్తుందో చూడండి. 'శ్రీ' కనపడదు. ఒక శ, దాని పక్కన ఆధారం లేక వేలాడే ఒక పొల్లు, ఆ పక్కన నిలువెత్తు రీ. 'యాత్ర'లో త పక్కన పొల్లు, పొల్లు పక్కన ఇంకొక పూర్తి ర. వత్తులు వత్తులుగా రావు. ఒకటో తరగతి పిల్లవాడు పలక మీద ఇలా రాస్తే దిద్దిస్తారు.

కారణం మర్మమేమీ కాదు. తెలుగులో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చితే మాట అవదు. శ, పొల్లు, ర, ఈకారం అనే నాలుగు సంకేతాలు కలిసి ఒక రూపం కావాలి. ఆ కలిపే పనిని షేపింగ్ అంటారు. ప్యాంగో అనే లైబ్రరీ హార్ఫ్‌బజ్ సాయంతో అది చేసిపెడుతుంది. ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 ప్యాంగో వాడుతుంది, ఓపెన్‌బాక్స్ వాడుతుంది, ఆసమ్ వాడుతుంది, ఐ3లో ఫాంటు పేరు ముందు ప్యాంగో అని రాస్తే అదీ వాడుతుంది. డీడబ్ల్యూఎం ఎక్స్‌ఎఫ్‌టీతో నేరుగా గీస్తుంది. ఎక్స్‌ఎఫ్‌టీ సంకేతం తర్వాత సంకేతం దించుకుంటూ పోతుంది, కలపదు. ఫాంటుల లోటు కాదిది. పోతన ఉంది, లోహిత్ ఉంది, నోటో ఉంది. ఏ ఫాంటు పెట్టినా శ్రీ విరుగుతుంది.

అంటే తేలికదనం అని వీళ్లు కొలిచేది కొంత మన లిపిని వదిలేయడం వల్ల మిగిలిన బరువు. 2000 వరసల్లో పట్టనిది తెలుగు. గ్నోమ్ వాడే అన్న తెర మీద శ్రీశైలం నిండుగా కనిపిస్తుంది. ఆ అన్నని పరామర్శించినవాడి తెర మీద అది ముక్కలై పడి ఉంటుంది, కానీ అతను దాన్ని ఎన్నడూ చూడలేదు. ఫ్యూజీ కొండ ఫోటోకి పేరు ఇంగ్లీషులోనే ఉంది కదా.

కాల నిర్ణయం

ఈ మూలానికి కాలం చెల్లుతోంది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్‌లో సర్వరు, కాంపోజిటర్, విండో మేనేజర్ మామూలుగా ఒకటే ప్రోగ్రాము. గద్దె, గద్దె మీద కూర్చున్నవాడు, గద్దె ఉన్న ఇల్లు వేరు కావు. ఒకటి లేస్తే ఇల్లే కూలుతుంది, లోపలి ప్రోగ్రాములు దానితోనే పోతాయి. కేడీఈ వాళ్లు కేవిన్ కూలినా కొన్ని ప్రోగ్రాములు బతికేలా ఏర్పాటు చేశారు గానీ, అది కేవిన్ మళ్లీ లేచి రావడం కోసం, పరాయివాడు గద్దెనెక్కడం కోసం కాదు. ఉబుంటు 25.10 లో గ్నోమ్‌కి ఎక్స్ సెషన్ లేదు. ప్లాస్మా 6.8 నుంచి కేడీఈలోనూ ఉండదని 2025 నవంబరులో ప్రకటించారు. వేలాండ్‌లో మార్చాలంటే లాగ్ అవుట్ అయి, లాగిన్ తెర మూలన ఉన్న చిన్న గుర్తు నొక్కి, వేరే సెషన్ ఎంచుకోవాలి. ఆ పని మౌస్‌తో చేయడం సుఖం.

తాత్పర్యం

నడుస్తున్న సెషన్‌లో విండో మేనేజర్ మార్చడం కష్టమైన విద్య కాదు. కష్టమంతా 1987కీ 1994కీ మధ్య ఇంకెవరో పడ్డారు. స్టార్ట్ ఎక్స్ వాడేవాళ్లు మార్చే ముందు డాట్ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ చివరి వరస చూసుకోవాలి, టెర్మినల్ నుంచి మార్చేవాళ్లు సెట్‌సిడ్ చేర్చుకోవాలి, ఇతరుల లాప్‌టాప్ మీద మార్చేవాళ్లు ముందు వాళ్ల ఫైళ్లు సేవ్ చేయాలి. కొత్త విండో మేనేజర్ పెట్టిన ప్రతివాళ్లకీ ఒక విన్నపం: ఫోటో తీసే ముందు తెలుగు పేరున్న ఫైలు ఒకటి తెరవండి. శ్రీ విరిగి కనిపిస్తే ఆ ఫోటోనే తీసి, దాన్ని రాసినవాళ్లకి బగ్ రిపోర్టుగా పంపండి.